నీ మోచెయ్యి సంగతి

గుంటూరు

చిరంజీవి వాసుకు,

మొన్న ఆదివారం ఫోన్లో స్కూలు సంగతులూ, బేస్‌బాల్ టీము సంగతులూ అన్నీ చెప్పి, చివర్లో గొంతు తగ్గించి ఒక ముక్క అన్నావు. కుడి మోచేతికి లోపలివైపు నొప్పి. కొన్ని వారాలుగా ఉంది. కోచ్‌కి తెలియదు, అమ్మకి చెప్పొద్దు. నేను నోరు తెరిచేలోపే, "మరీ ఎక్కువైతే టామీ జాన్ ఆపరేషన్ చేయించుకుంటాలే తాతయ్యా, ఆ తర్వాత స్పీడు ఇంకా పెరుగుతుందట" అని, ఫోను అమ్మమ్మకి ఇవ్వమన్నావు.

ఉద్యోగమంతా విరిగిన ఎముకల మధ్యా, తెగిన లిగమెంట్ల మధ్యా గడిపినవాణ్ణి. అయినా ఫోన్లో కోప్పడితే ఇంకోసారి నాకేమీ చెప్పవని ఊరుకున్నాను. నాలుగో తరగతి దాకా ఇక్కడ చదివినవాడివి, ఈ అక్షరాలు నీకు కొత్త కావు. కూడబలుక్కునైనా నువ్వే చదువుకో. అమ్మ చేత చదివించుకుంటే గుట్టు బయటపడుతుంది మరి.

ముందు నీ ఎడమచెయ్యి బల్ల మీద వెల్లకిలా పెట్టు. బొటనవేలూ చిటికెనవేలూ కలిపి, మణికట్టు కొంచెం పైకి వంచు. మధ్యలో ఒక నరంలాంటిది ఉబికి కనిపిస్తుంది. అది నరం కాదు, టెండన్. కొందరికి పుట్టుకతోనే ఉండదు, లేకపోయినా పనికేమీ లోటు రాదు. నువ్వు అంత తేలిగ్గా అనేసిన ఆపరేషన్‌లో సాధారణంగా ఈ టెండన్‌నే కోసి తీసుకుంటారు. మోచేతి దగ్గర రెండు ఎముకలకూ బెజ్జాలు పెట్టి, వాటిలోంచి ఎనిమిది అంకె ఆకారంలో దూర్చి బిగిస్తారు. అది కొత్త చోట అతుక్కుని, రక్తం పట్టి, లిగమెంటుగా మారాలి. నీలాంటి పిచ్చరు మళ్ళీ ఆటలోకి దిగేసరికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అందరూ దిగలేరు కూడా.

క్రికెట్లో బౌలరు మోచెయ్యి పదిహేను డిగ్రీలకు మించి చాపకూడదని నియమం ఉంది. మన ఫాస్ట్ బౌలర్లకు నడుము పోవడం, మోకాలు పోవడం ఎక్కువగా చూస్తాం. మీ ఆటలో అలాంటి నియమమేమీ లేదు. వెనక్కి వంగిన చెయ్యి రెప్పపాటులో ముందుకొస్తుంది. ఆ క్షణంలో ముంజెయ్యి వెనకబడి, మోచేతి కీలు లోపలివైపు తెరుచుకుపోబోతుంది. దాన్ని తెరుచుకోకుండా పట్టి ఉంచే లిగమెంటు నీ చిటికెనవేలంత పొడవు కూడా ఉండదు. బావి చేదతాడు ఒక్కరోజులో తెగదు, ఒక్కో పురీ తెగుతూ వస్తుంది. నీళ్ళు తోడేవాడికి చివరి రోజు దాకా తాడు తాడులాగే కనిపిస్తుంది. నీ మోచేతిలో ఇప్పుడు ఎన్ని పురులు తెగాయో నాకు తెలియదు, నీకూ తెలియదు. ఎమ్మారై తీస్తే తెలుస్తుంది.

ఇక ఆ ఆపరేషన్‌కి పేరైన మనిషి సంగతి. టామీ జాన్ 1943లో ఇండియానా రాష్ట్రంలోని టెర్రె హోట్ అనే ఊళ్ళో పుట్టాడు. ఎడమచేతివాటం. ఇరవై ఏళ్ళకే, 1963లో, క్లీవ్‌లాండ్ జట్టుతో మేజర్ లీగ్‌లోకి వచ్చాడు. అక్కణ్ణుంచి షికాగో వైట్ సాక్స్, 1971 చివర్లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్. డాడ్జర్స్ అతన్ని తెచ్చుకోవడానికి డిక్ అలెన్ అనే పెద్ద బ్యాటర్‌ని వదులుకున్నారు. ఈ అలెన్ పేరు గుర్తుంచుకో, తర్వాత పని ఉంది.

జాన్ వేగంతో భయపెట్టే రకం కాదు. అతని ఆయుధం సింకర్. బ్యాటర్ దగ్గరికొచ్చేసరికి కిందికి జారే బంతి అది. బ్యాట్ దాని నెత్తిమీద తగులుతుంది, బంతి నేలబారుగా ఫీల్డర్ల దగ్గరికి పోతుంది. మొత్తం 4,710 ఇన్నింగ్స్ విసిరి అతను తీసిన స్ట్రైకౌట్లు 2,245. అంటే రెండు ఇన్నింగ్స్‌కి ఒకటి కూడా లేదు. మీ వాళ్ళు ఇప్పుడు ఆ లెక్క చూస్తే ట్రయల్స్‌కి కూడా పిలవరేమో. కానీ గెలిచిన ఆటలు 288.

ఎలా గెలిచాడంటే, ఆ అవుట్లలో సగం పని వేరేవాళ్ళది. డాడ్జర్స్‌లో అతని వెనక ఫస్ట్ బేస్‌లో స్టీవ్ గార్వీ, సెకండ్‌లో డేవీ లోప్స్, షార్ట్‌స్టాప్‌గా బిల్ రసెల్, థర్డ్‌లో రాన్ సే ఉండేవారు. ఆ నలుగురూ 1973 నుంచి 1981 దాకా ఒక్కచోటే ఆడారు. ఆ ఆటలో అంత కాలం కలిసి ఉన్న ఇన్‌ఫీల్డ్ ఇంకోటి లేదంటారు. స్ట్రైకౌట్ పిచ్చరు బ్యాటర్‌ని తనే దింపేసి చంకలు గుద్దుకోవచ్చు. సింకర్ వేసేవాడు బంతి వదిలాక ఇంకొకళ్ళ చేతివైపు చూడాలి. బంతి కాలి దగ్గర్నుంచి దొర్లిపోతుంటే, వెనక రసెల్ ఉన్నాడు, అందుకుంటాడు అన్న ధీమా ఉండాలి. అది లేనివాడు సింకర్ వెయ్యలేడు, భయంతో బంతిని పక్కకి తోసేస్తాడు. నేను మీ ఇంట్లో ఉన్నప్పుడు నీ ఆటలు చూశాను కదా. షార్ట్‌స్టాప్ ఒక బంతి వదిలేస్తే నువ్వు మౌండ్ మీద నేలను తన్నడమూ చూశాను. అప్పుడేమీ అనలేదు. ఇప్పుడంటున్నాను, ఎందుకంటే నువ్వు నొప్పి దాచడానికీ ఆ తన్నుకీ మూలం ఒకటే. అంతా నేనే చెయ్యాలి, నా పని ఇంకొకడి చేతిలో పెట్టకూడదు అన్న పట్టుదల. పట్టుదల మంచిదే అని అందరూ అంటారు. ఈ రకం మాత్రం మంచిది కాదు.

1974 జులై 17. జాన్‌కి 31 ఏళ్ళు. ఆ ఏడు అప్పటికి 13 గెలిచి మూడే ఓడాడు, కెరీర్‌లో అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. డాడ్జర్ స్టేడియంలో మాంట్రియల్‌తో ఆట, మూడో ఇన్నింగ్స్. ఒక బంతి వేస్తుండగా మోచేతిలో ఏదో జరిగింది. ఇంకో బంతి వేసి చూశాడు, లాభం లేకపోయింది. ఎవరూ పిలవకుండానే తనంతట తనే మౌండ్ దిగి నడుచుకుంటూ వచ్చేసి, జట్టు డాక్టర్ జోబ్‌ని పిలవమన్నాడు. 13–3తో ఉన్నవాడు దిగాడు, చూడు. అతని కథలో అందరూ సర్జరీ దగ్గర ఆగుతారు. నాకు మాత్రం ఆ నడకే గొప్పగా కనిపిస్తుంది.

డాక్టర్ ఫ్రాంక్ జోబ్ తొందరపడలేదు. ముందు విశ్రాంతి ఇచ్చి చూశాడు. కొన్ని వారాలాగి జాన్ మళ్ళీ విసిరి చూసుకున్నాడు, చెయ్యి పలకలేదు. అప్పుడు జోబ్ ఒక ఆలోచన చేశాడు. పోలియో వచ్చినవాళ్ళకు ఒక చోటి టెండన్‌ని ఇంకో చోటికి మార్చి చేతులూ పాదాలూ పనిచేయించడం ఎముకల డాక్టర్లకు తెలిసిన విద్యే. దాన్ని పిచ్చరు మోచేతికి ఎందుకు వాడకూడదు? ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు. మళ్ళీ మేజర్ లీగ్‌లో ఆడే అవకాశం నూటికి ఒకటి అని జోబ్ దాచకుండా చెప్పాడు. సరే, చెయ్యండి అన్నాడు జాన్. సెప్టెంబర్ 25న కుడి ముంజేతి టెండన్ తీసి ఎడమ మోచేతిలో కుట్టారు.

ఆ తర్వాతి కథ మీ వీడియోల్లో ఉండదు. ఆపరేషన్ అయ్యాక మోచేతి పక్కనుండే అల్నార్ నరం దెబ్బతిని వేళ్ళు ముడుచుకుపోయాయి. బంతి పట్టుకోవడం కాదు, చెయ్యి పూర్తిగా తెరవడమే రాలేదు. డిసెంబర్లో నరం సరిచెయ్యడానికి రెండో ఆపరేషన్. 1975 సీజను మొత్తం పోయింది. జీవితమంతా ఆ చేత్తోనే బతికినవాడు వేళ్ళు కదలడం కోసం నెలల తరబడి కూర్చున్నాడు. జోబ్ కూడా అతని చెయ్యి ఏమవుతుందో చూడకుండా ఇంకొకరికి ఈ ఆపరేషన్ చెయ్యడానికి సాహసించలేదు, రెండేళ్ళ దాకా ఆగాడు. పేరున్న డాక్టరు అలా ఆగడం ఎంత కష్టమో ఆ వృత్తిలో ఉన్నవాడికే తెలుస్తుంది.

అప్పుడు అతనికి సాయపడినవాళ్ళలో మైక్ మార్షల్ ఒకడు. అదే జట్టులో రిలీఫ్ పిచ్చరు, 1974లో ఏకంగా 106 ఆటల్లో బంతి వేసినవాడు, శరీరం కదలికల శాస్త్రం చదివినవాడు. కాలు తిప్పకుండా తిన్నగా బ్యాటర్ వైపు అడుగేసి విసిరే పద్ధతి అతనే నేర్పాడు. జాన్ అప్పటికే 124 ఆటలు గెలిచినవాడు. అంతటివాడు తోటి ఆటగాడి దగ్గర మళ్ళీ విసరడం నేర్చుకున్నాడు. నువ్వేమో పోయిన ఏడాది మీ పాత కోచ్ భుజం కొంచెం దించమంటే వారం రోజులు ముఖం మాడ్చుకున్నావు.

1976లో తిరిగొచ్చి 10 గెలిచాడు, 10 ఓడాడు. 1977లో 20 గెలిచాడు. తర్వాత న్యూయార్క్ యాంకీస్‌కి వెళ్ళి 1979లో 21, 1980లో 22. అన్నీ కలిపి సర్జరీకి ముందు 124, తర్వాత 164. నలభై ఆరో ఏట, 1989లో, ఆట మానాడు. అప్పటికి 26 సీజన్లు.

ఈ లెక్కలు చూసే నువ్వు "చూశావా, సర్జరీ తర్వాతే ఎక్కువ గెలిచాడు" అంటావు. అనుకున్నాను, అందుకే ముందే చెబుతున్నాను. జాన్ వేగం పెరిగి గెలవలేదు. అతనికి మొదటినుంచీ వేగం మీద ఆశ లేదు. తీసుకొచ్చి పెట్టిన టెండన్ ఎంత బాగా కుదిరినా, ఆరోగ్యంగా ఉన్న లిగమెంటు కంటే మేలు కాదు. సర్జరీ తర్వాత కొందరికి స్పీడు పెరిగినట్టు కనిపించడానికి కారణం వేరే. ఏడాదిన్నరపాటు కాళ్ళకూ, నడుముకూ, భుజానికీ క్రమం తప్పకుండా కసరత్తు చేయిస్తారు. ఆ కసరత్తు కత్తి గాటు లేకుండా ఇప్పుడే చెయ్యి, ఎవరొద్దన్నారు?

మీ టెక్సాస్‌లో నోలన్ రయాన్ అంటే దేవుడు. ఆయన నిండు వేగంతో 27 సీజన్లు ఆడాడు కదా అని నువ్వు అడగొచ్చు. ఆడాడు. ఆయన లిగమెంటు 1993లో ఆఖరి ఆటలో, 46 ఏళ్ళ వయసులో తెగింది. అలాంటి శరీరం కొన్ని కోట్లమందిలో ఒకరికి పుట్టుకతో వస్తుంది. దాన్ని చూసి ముచ్చటపడాలే గాని, దాని మీద మన లెక్కలు వేసుకోకూడదు.

నన్నడిగితే రయాన్ కంటే శాండీ కోఫాక్స్ గురించి చదవమంటాను. జాన్ కంటే ముందు అదే డాడ్జర్స్‌లో ఆడిన ఎడమచేతి పిచ్చరు. 1966లో 27 ఆటలు గెలిచాడు, ఆ ఏడాది ఉత్తమ పిచ్చరుకిచ్చే సై యంగ్ అవార్డు కూడా అతనిదే. అతని మోచెయ్యి కీళ్ళవాతంతో పాడైపోయింది. ఆట కాగానే ఐసు నీళ్ళలో పెట్టుకునేవాడు, సూదిమందుల మీద నడిపేవాడు. ఆ నవంబర్లోనే, ముప్పై ఏళ్ళకే, ఇక ఆడనని చెప్పేశాడు. ముందు ఇంకా బోలెడు జీవితం ఉంది, అప్పుడు కూడా ఈ చెయ్యి కావాలి అన్నది అతని లెక్క. జోబ్ ఆపరేషన్ ఎనిమిదేళ్ళ తర్వాతి మాట, ఇతని జబ్బుకి అది పనికొచ్చేదో లేదో వేరే సంగతి. ఒకడు దిగి మళ్ళీ ఎక్కాడు, ఒకడు దిగి ఇక ఎక్కలేదు. ఇద్దరిలో ఎవరూ నొప్పి లేదని నటించలేదు. ఎవరు ఎక్కువ ధైర్యవంతుడో నేను తేల్చలేను.

ఇప్పుడు మీ తరం సంగతి. మేజర్ లీగ్ పిచ్చర్లలో దాదాపు మూడోవంతు మందికి ఈ ఆపరేషన్ అయింది. 2024 డిసెంబర్లో లీగ్ వాళ్ళే ఒక నివేదిక వేసి, వేగం కోసం వెంపర్లాట, ప్రతి బంతికీ ఒళ్ళంతా ఊడ్చి వెయ్యడం ఇందుకు ముఖ్య కారణాలని ఒప్పుకున్నారు. పిల్లల సంగతి ఇంకా కంగారు పెడుతుంది. అలబామాలోని అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 2006లో కుర్ర పిచ్చర్ల మీద చేసిన పరిశీలన ఒకటుంది. చెయ్యి అలిసిపోయినా తరచూ విసురుతూ పోయినవాళ్ళకు సర్జరీ దాకా వచ్చే ప్రమాదం 36 రెట్లు. ఏడాదిలో ఎనిమిది నెలలకు మించి విసిరినవాళ్ళకు అయిదు రెట్లు. 36 అన్న అంకె పక్కన ఒకసారి ఆగు. అలుపుకే అంత. నీది అలుపు దాటి నొప్పి దాకా వచ్చింది.

2014లో మేజర్ లీగ్ వాళ్ళూ, యూఎస్ఏ బేస్‌బాల్ వాళ్ళూ కలిసి పిచ్ స్మార్ట్ అని నియమాలు పెట్టారు. నీ వయసుకి, అంటే పదిహేను పదహారేళ్ళకి, రోజుకి 95 బంతులు మించకూడదు. 75 దాటితే నాలుగు రోజులు ముట్టుకోకూడదు. ఏడాదిలో నాలుగు నెలలు పోటీ ఆటల్లో పిచింగ్ ఆపాలి. నాకు తెలిసి నువ్వు వసంతంలో స్కూలు జట్టుకి, వేసవిలో ట్రావెల్ జట్టుకి, శరత్తులో ఇంకో లీగుకి ఆడుతున్నావు. శనివారం ఒక జట్టుకి వేసిన బంతులు ఆదివారం ఇంకో జట్టు కోచ్ లెక్కలోకి రావు. నీ బంతులన్నీ తెలిసినవాడివి నువ్వొక్కడివే. ఆ లెక్క నీ దగ్గరే దాచుకుంటే నిన్ను కాపాడేవాడు ఎవరూ ఉండరు.

నీ భయం నాకు తెలియదనుకోకు. చెబితే కూర్చోబెడతారు, నీ స్థానం ఇంకొకడికి ఇస్తారు, కాలేజీ వాళ్ళు చూడటానికొచ్చే టోర్నమెంటు పోతుంది. పోవచ్చు. పోదని అబద్ధం చెప్పను. జాన్‌కి అన్నీ కలిసొచ్చాయా ఏమిటి? 1977లో, 78లో డాడ్జర్స్‌తో వరల్డ్ సిరీస్‌కి వెళ్ళి యాంకీస్ చేతిలో ఓడాడు. అదే యాంకీస్‌లో చేరి 1981లో వరల్డ్ సిరీస్‌కి వెళ్తే, అప్పుడు గెలిచింది డాడ్జర్స్. ఆ ఆరో ఆటలో స్కోరు 1–1గా ఉండగా నాలుగో ఇన్నింగ్స్‌లోనే అతని బదులు వేరే బ్యాటర్‌ని పంపి మేనేజరు అతన్ని తప్పించాడు. నమ్మలేక డగౌట్‌లో అటూ ఇటూ తిరుగుతున్న అతన్ని కెమెరాలు పట్టేశాయి. ఆ ఆట యాంకీస్ 9–2తో ఓడింది. ఛాంపియన్ ఉంగరం అతని వేలికి ఎప్పుడూ రాలేదు.

కూపర్స్‌టౌన్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోనూ చోటు దొరకలేదు. పదిహేనేళ్ళు ఓటింగ్‌లో ఉండి ఎప్పుడూ నూటికి 32 దాటలేదు, 75 కావాలి. 2013లో అక్కడ డాక్టర్ జోబ్‌ని సత్కరిస్తే తనూ వెళ్ళి కూర్చున్నాడు. 2024 డిసెంబర్లో ఒక కమిటీ మళ్ళీ అతని పేరు పరిశీలించింది. పదహారు ఓట్లలో ఏడు వచ్చాయి. ఆ జాబితాలోంచే ఎంపికైన ఇద్దరిలో ఒకడు, 1971లో ఇతని కోసం డాడ్జర్స్ వదులుకున్న డిక్ అలెన్. అలెన్ అప్పటికే చనిపోయి నాలుగేళ్ళయింది. న్యాయమా అన్యాయమా అంటే, 288 గెలుపులు చూసి నేనైతే ఓటేసేవాణ్ణి. మంచిగా నడుచుకుంటే పతకం వస్తుందని నీకు ఆశ పెట్టడం నాకిష్టం లేదు, అందుకే ఇదంతా రాశాను.

ఇప్పుడు చెయ్యాల్సింది. నొప్పి మాత్రలు మింగి విసరకు. ముందు అమ్మకి చెప్పు. ఏడుస్తుంది, కాసేపు తిడుతుంది, తర్వాత కారు తీస్తుంది. ఆ తర్వాత కోచ్‌కి చెప్పు, మెసేజ్ కాదు, ఎదురుగా నిలబడి చెప్పు. మూడు జట్ల బంతుల లెక్కా ఒక కాగితం మీద రాసి ఆయన చేతికివ్వు. పిల్లల మోచేతులు చూసే స్పోర్ట్స్ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నీ వయసులో ఎముక చివరి ఎదుగుదల భాగం ఇంకా గట్టిపడి ఉండకపోవచ్చు, నొప్పి లిగమెంటుది కాక దానిదైనా కావచ్చు. అది ఎక్స్‌రేలో చూసి చెబుతారు. రిపోర్టులు నాకు వాట్సాప్‌లో పంపించు.

మీ అమ్మకి నేను చెప్పను, నువ్వు వద్దన్నావు కదా. వచ్చే ఆదివారం ఫోన్ చేసినప్పుడు కోచ్ ఏమన్నాడో నీ నోటితోనే వినాలి.

ఇట్లు,
మీ తాతయ్య